మరుగుదొడ్డిలోంచి పోయిన సరిహద్దు: ‘ది షాడో లైన్స్’ నవల

దేశ విభజన మీద నవల అనగానే శవాలతో నిండిన రైలు ఎప్పుడొస్తుందా అని చూస్తాం. అమితావ్ ఘోష్ 1988లో తెచ్చిన ‘ది షాడో లైన్స్’లో ఆ రైలు రాదు. ఒక ఇల్లు వస్తుంది.

ఢాకాలో జిందాబహార్ గల్లీలోని ఉమ్మడి ఇల్లు. అన్నదమ్ములకి పొసగక మధ్యలో గోడ లేపుతారు. లాయర్లలా అంగుళం వదలకుండా కొలుచుకోవడంతో ఆ గోడ గుమ్మాల మధ్యనుంచి పోతుంది, ఇక వాటిలోంచి ఎవరూ నడవలేరు. పాత మరుగుదొడ్డినీ చీల్చుకుంటూ పోతుంది. తండ్రి పేరున్న పలకని కూడా పంచుకుంటారు. కోరుకున్న పంపకం జరిగాక ఇంట్లోకి దిగేది శాంతి కాదు, వింత నిశ్శబ్దం.

ఇదంతా 1947కి చాలా ముందు. ‘ఈ ఇల్లే దేశం’ అని అక్కడ ఎవరూ అనరు. రూపకం ముందు వస్తువుగా నిలబడాలి. మరుగుదొడ్డి మరుగుదొడ్డిగానే ఉంది కాబట్టి, 1947లో భారత్, పాకిస్తాన్‌లని విడదీసిన రాడ్‌క్లిఫ్ గీత మనకే తడుతుంది. ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’ (1981) నవలలో సల్మాన్ రష్దీది దీనికి ఎదురు పద్ధతి. స్వాతంత్ర్యం వచ్చిన అర్ధరాత్రే పుట్టిన కథానాయకుడి ఒళ్లు పగుళ్లిస్తుంది, అతనే దేశమన్న లెక్క మొదటి పేజీలోనే తేలిపోతుంది. అది గొప్ప విన్యాసమే. కానీ ఆ పోలికకి ప్రతి అధ్యాయంలోనూ మేత వేస్తూ ఉండాలి, అక్కడక్కడ ఆ శ్రమ కనిపిస్తుంది.

ఘోష్ గోడని అక్కడితో వదలడు. ఆ ఇంట్లో పెరిగిన కథకుడి నాయనమ్మ చిన్నప్పుడు, అవతలి వాటాలో అంతా తలకిందులని చెల్లెలికి కథలు అల్లుతుంది: వాళ్లు ముందు మిఠాయి తిని చివర పప్పు తింటారట, మంచాల కింద పడుకుంటారట. పిల్లల వేళాకోళమే. అయితే పక్కవాడు మనలా ఉండడన్న నమ్మకం ఎలా తయారవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? 1964లో ఆవిడ కలకత్తా నుంచి విమానంలో, అప్పటికి తూర్పు పాకిస్తాన్‌లో ఉన్న ఢాకా వెళ్లబోతూ, పైనుంచి సరిహద్దు కనిపిస్తుందా అని కొడుకుని అడుగుతుంది. కొడుకు నవ్వుతాడు. కందకాలో ఇంకేదో లేకపోతే జనానికి తెలిసేదెలా, మరి ఆ చంపుకోవడాలన్నీ దేనికి అన్నది ఆవిడ ప్రశ్న. సరిహద్దు ఉండేది విమానాశ్రయంలో, నింపాల్సిన కాగితాల మీద. పుట్టిన ఊరు: ఢాకా. జాతీయత: భారత్. గోడ ఇప్పుడు దరఖాస్తు అయింది. రూపకం అదే, వస్తువు మారింది.

ఇంకో మెలిక భాషలో ఉంది. ఢాకాకి ‘వెళ్తాను’ అనాల్సిన చోట ఆవిడ ‘వస్తాను’ అనేస్తుంది, ఇంట్లో అందరూ ఆట పట్టిస్తారు. గడప దాటుతూ ‘వెళ్లొస్తాను’ అనే మనకి ఇది వివరించక్కర్లేదు. నవలలోని రెండు భాగాల పేర్లూ ఈ రెండు క్రియలమీదే: వెళ్లడం, ఇంటికి రావడం.

మూడో పనిముట్టు వృత్తలేఖిని. శ్రీనగర్‌లోని హజ్రత్‌బల్ దర్గా నుంచి 1963 డిసెంబర్ 27న, ముహమ్మద్ ప్రవక్తదని నమ్మే పవిత్ర కేశం మాయమైంది, జనవరి 4న దొరికింది. అల్లర్లు మాత్రం ఎక్కడో తూర్పు పాకిస్తాన్‌లోని ఖుల్నాలో, ఆపైన కలకత్తాలో, ఢాకాలో. కథకుడు అట్లాస్ తెరిచి ఖుల్నాలో ముల్లు గుచ్చి, పెన్సిల్ మొన శ్రీనగర్ మీద ఆనించి వృత్తం గీస్తాడు. వ్యాసార్ధం సుమారు 1200 మైళ్లు. అంత దూరంలో మరెన్ని దేశాలున్నా, ఒకచోటి మంట ఇంకోచోట అంటుకున్నది గీత గీసి విడదీసిన ఈ రెండింటి మధ్యే.

బెసికేది కూడా ఇక్కడే. ఢాకా, కలకత్తా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబమని, సరిహద్దే ఆ అద్దమని కథకుడు నోరు తెరిచి చెప్పేస్తాడు. గోడ, కాగితం, అట్లాస్ చూసొచ్చిన పాఠకుడికి ఈ పాఠం అక్కర్లేదు. నాయనమ్మ చెల్లెలి కొడుకు త్రిదీబ్ ఢాకా అల్లర్లలో చనిపోతాడు, ఆ మరణాన్ని చివర్లో ‘త్యాగం’ అనడం మరీ నమ్మబుద్ధి కాదు. గుంపు చేతిలో చావుకి అంత పెద్ద మాట అతకదు. లండన్ ఘట్టాల్లో ఆ చెల్లెలి మనవరాలు ఈలా పాత్ర కూడా వాదన కోసం నిలబెట్టిన మనిషిలా ఉంటుంది.

చదివేటప్పుడు ఒక చిక్కు. కాలం ప్రధానంగా 1939 నుంచి 1979 దాకా ఒక్కో పేరాలోనే ముందుకీ వెనక్కీ దూకుతుంది, కథకుడికి పేరుండదు. మొదటి అధ్యాయంలోనే నాయనమ్మనీ, ఆవిడ చెల్లెలు మాయాదేబినీ పైన రాసుకుని కింద వాళ్ల పిల్లల్ని వంశవృక్షంలా వేసుకుంటూ పోతే దారి తప్పరు. ఇంటి గోడ ఘట్టం రెండో భాగం మొదట్లో ఉంది. అంతవరకూ ఓపిక పట్టాలి.