పగులు కనిపించలేదట: ఆరేళ్ల దంత బీమా అనుభవం

దంత బీమా తీసుకుని ఆరేళ్లయింది. మొదటి మూడేళ్లలో దీని గురించి అడిగిన ప్రతివారికీ "కళ్లు మూసుకుని తీసుకోండి" అని చెప్పిన మాట నిజం. అప్పట్లో నేను దాన్ని వాడింది ఏడాదికి రెండుసార్లు పళ్లు శుభ్రం చేయించుకోవడానికి, ఒకసారి చిన్న ఫిల్లింగ్‌కు. అలాంటి పనులకు క్లెయిమ్ అనేది ఒకటుందని కూడా తెలియదు. క్లినిక్ వాళ్లే పంపుతారు, డబ్బు నేరుగా వాళ్లకే వెళ్తుంది, మనకొక కాగితం వస్తుంది. ఆ మాటను ఇప్పుడు వెనక్కి తీసుకోను గానీ, కళ్లు మాత్రం తెరిచే ఉంచమంటాను.

శుభ్రం చేయడానికి పూర్తి ఖర్చు, ఫిల్లింగ్‌కు 80 శాతం, క్యాప్ లాంటి పెద్ద పనులకు 50 శాతం, అదీ చేరిన 12 నెలల తర్వాతే. నా పాలసీ ఇదే మూసలో ఉంటుంది, ఇదంతా కరపత్రంలోనే దొరుకుతుంది కాబట్టి వదిలేస్తున్నాను. కరపత్రంలో లేనిది ఒకటుంది. మీ పన్నుకు పెద్ద పని అవసరమా కాదా అని బీమా సంస్థ తరఫున తేల్చే నిపుణుడు మీ నోట్లోకి చూడడు. ఆయన చూసేది ఎక్స్‌రే. నా గొడవంతా అక్కడే.

నాలుగో ఏడు. కింద కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను, అందులో ఎన్నో ఏళ్ల నాటి వెడల్పాటి సిల్వర్ ఫిల్లింగ్. కొరికినప్పుడు పెద్దగా నొప్పి లేదు. కొరికి వదిలే క్షణంలో మాత్రం సూదితో పొడిచినట్టుండేది, వెంటనే పోయేది. నెల రోజులు పట్టించుకోలేదు. ఆ తర్వాత వెళితే డాక్టరుగారు పన్ను మీది ఒక్కొక్క మొన మీద చిన్న ప్లాస్టిక్ పుల్ల పెట్టి, కొరికి వదలమన్నారు. మూడు మొనలు మౌనంగా ఉన్నాయి. నాలుగో దాని దగ్గర కుర్చీలోంచి లేచినంత పని చేశాను.

"పన్ను పగిలిందండీ. ఫిల్లింగ్ మార్చినా లాభం లేదు, అది మేకులా రెండు పక్కలకూ నెడుతూనే ఉంటుంది. క్యాప్ వేసి బిగించాలి," అన్నారు.

బండి చక్రానికి ఇనుప పట్టా బిగించినట్టన్నమాట. అర్థమైంది గానీ నమ్మకం కుదరలేదు. అప్పుడే తీసిన ఎక్స్‌రే ఎదురుగా తెర మీద ఉంది, అందులో పన్ను నిక్షేపంగా కనిపిస్తోంది. అదే అడిగాను. ఆమె ఓపికగా చెప్పారు: ఎక్స్‌రే కిరణం బుగ్గ వైపు నుంచి నాలుక వైపుకు పోతుంది, దవడ పళ్లలో పగులు ఎక్కువగా ముందు నుంచి వెనక్కి, అంటే కిరణానికి అడ్డంగా సాగుతుంది. కిరణం దారిలోనే పగులు కూడా ఉంటే చీకటి గీతలా పడుతుంది, అడ్డంగా ఉంటే ఏ జాడా ఉండదు. పుస్తకాన్ని అట్ట వైపు నుంచి చూస్తే పేజీల మధ్య సందు కనబడదు కదా, అలా.

అయినా నా సందేహం నాదే. "ఫిల్లింగ్ తీశాక ఒకసారి చూపించగలరా?" అన్నాను. సగం మొహమాటం, సగం అనుమానం. పన్ను అరగదీయించుకునేది నేను, సగం డబ్బు కట్టేదీ నేనే.

ఆమె విసుక్కోలేదు. మత్తిచ్చి, పాత ఫిల్లింగ్ తొలగించి, పన్నును ఆరబెట్టి, నోటిలోపల పెట్టే చిన్న కెమెరాతో ఫొటో తీసి తెర మీదికి తెచ్చారు. గుంట అడుగున వెంట్రుక మందంలో గోధుమరంగు గీత, ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా. పక్క నుంచి సన్నని లైటు వేస్తే వెలుగు ఆ గీత దగ్గరికి వచ్చి ఆగిపోయింది, అవతలి సగం చీకటి. దాన్నీ ఫొటో తీశారు. ఇక నేను మాట్లాడలేదు. అదే రోజు పన్ను అరగదీసి తాత్కాలిక క్యాప్ పెట్టారు, రెండు వారాలకు అసలుది అతికించారు.

క్లెయిమ్ ఒకసారి తేదీ పొరపాటుతో తిరిగొచ్చింది. నా పాలసీ లెక్కలో క్యాప్ పని జరిగిన రోజంటే పన్ను అరగదీసిన రోజు కాదు, క్యాప్ అతికించిన రోజు. అది క్లినిక్‌లో అయిదు నిమిషాల్లో సరిచేశారు. రెండోసారి వచ్చిన ఉత్తరమే ఈ సమీక్షకు కారణం. దాని సారాంశం: పంపిన ఎక్స్‌రేలను బట్టి క్యాప్ అవసరమని నిర్ధారణ కాలేదు, పన్నులో తగినంత భాగం ఆరోగ్యంగా ఉంది, ఫిల్లింగ్‌తో సరిపోతుంది.

చదవగానే కోపం రాలేదు, భయం వేసింది. రుజువు చూపించడానికి ఆ పన్ను ఇప్పుడు లేదు. మొనలన్నీ అరగదీసి పైన క్యాప్ అతికించేశారు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లి నోరు తెరిచినా కనిపించేది తళతళలాడే క్యాప్ ఒక్కటే. పగులుకు చికిత్స చేయడమంటే పగులు ఆనవాళ్లను చెరిపేయడమే! వస్తువుల బీమాలోనైతే విరిగినదాన్ని పక్కన పెట్టి చూపించవచ్చు.

బీమా సంస్థకు ఫోన్ చేశాను. మొదటి రెండుసార్లు "మా నిపుణులు పరిశీలించారు" అన్న మాటే తిప్పితిప్పి వినిపించారు. మూడోసారి ఎందుకు తట్టిందో గానీ, వాదించడం మానేసి, "నా ఫైలులో ఏమేం ఉన్నాయో వరసగా చదివి చెబుతారా?" అని అడిగాను. ఆయన చదివారు. ఎక్స్‌రేలు రెండు. డాక్టరు వివరణ లేదు. ఫొటోలు లేవు.

అంటే ఆ నిపుణుడు తప్పు చెప్పలేదు. నేను కుర్చీలో కూర్చుని ఏ ఎక్స్‌రే చూసి అనుమానపడ్డానో, ఆయనా అదే చూసి అదే అనుమానపడ్డాడు. తేడా ఒక్కటే, నాకు తర్వాత ఫొటో చూపించారు.

క్లినిక్‌కు పరుగెత్తాను. అక్కడ మరో గుబులు. ఆ ఫొటోలు నాకు చూపించడానికి తీసినవి, వాటిని దాచారో లేదో ముందు కౌంటర్‌లో ఎవరికీ తెలియదు. ఎక్స్‌రేలున్న చోట లేవు. పావుగంట వెతికాక అసిస్టెంట్ అమ్మాయికి మరో ఫోల్డర్‌లో తేదీ ప్రకారం దొరికాయి. డాక్టరుగారు వాటికి అరపేజీ వివరణ జోడించారు. ఏ మొన మీద నొప్పి, కొరికినప్పుడా వదిలినప్పుడా, పాత ఫిల్లింగ్ పన్నులో ఎంత భాగం ఆక్రమించింది, పగులు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, లైటు ఎక్కడ ఆగింది. "క్యాప్ తప్పనిసరి" లాంటి గట్టి మాటలు ఒక్కటీ లేవు, చూసినవి చూసినట్టు రాశారు. నా పాలసీలో అప్పీలుకు 180 రోజుల గడువుంది. పంపిన అయిదో వారంలో జవాబు వచ్చింది: నిర్ణయం మార్చుకున్నాం, చెల్లిస్తున్నాం.

ఆ రోజు నా ఆనందం ఇంతా అంతా కాదు. వచ్చిన డబ్బు కంటే, నా అనుమానబుద్ధి జీవితంలో ఒక్కసారైనా పనికొచ్చినందుకు.

ఆనందం చెల్లింపు వివరాల కాగితం వచ్చేదాకానే. 50 శాతం ఇచ్చారు, నిజమే. దేనిలో 50? వెనక పళ్లకు పాలసీ ఒప్పుకునేది లోహపు క్యాప్ ధరనట. నేను వేయించుకున్నది పన్ను రంగు జిర్కోనియా. లోహం ధరలో సగం వాళ్లది, మిగతా సగమూ పైతేడా మొత్తమూ నాది. "ప్రత్యామ్నాయ చికిత్స" అన్న శీర్షిక కింద పాలసీలో ఇది ముందునుంచే ఉంది. నేనే చదవలేదు. క్యాప్‌కు సగం వస్తుందని నేను అందరికీ చెప్పిన మాటను అక్కడికి సరిచేసుకోండి. నా విషయంలో వచ్చింది సగం కంటే బాగా తక్కువ.

ఈ దెబ్బ తిన్నాక కొంతకాలం ముందస్తు అంచనాకు ప్రచారకర్తలా తిరిగాను. పని మొదలుపెట్టకముందే క్లినిక్ కాగితాలు పంపుతుంది, ఎంత వస్తుందో సంస్థ రాసిస్తుంది. పగిలిన పన్నుకు అది అడగలేదు, జవాబుకు వారాలు పడుతుందని, ఈలోగా పగులు నరందాకా పోవచ్చని డాక్టరుగారు ఆగవద్దన్నారు. పోయిన ఏడాది పై దవడలో కుడివైపు మరో పన్నుకు మాత్రం శ్రద్ధగా అడిగాను, చక్కటి ఉత్తరం వచ్చింది. అది వచ్చేలోపే ఆ పన్నుకు రూట్ కెనాల్ అవసరమైంది, పాలసీ ఏడాది మొత్తానికి చెల్లించే వార్షిక పరిమితిలో పెద్ద ముక్క దానికే పోయింది. క్యాప్ వంతు వచ్చేసరికి ఉత్తరంలో అంకె ఉంది గానీ ఖాతాలో అంత మిగల్లేదు. ఉత్తరం రాసిన రోజున మిగిలినదాన్ని లెక్క చెబుతారు, మన కోసం పక్కన పెట్టరు. అయినా అడగడమే మంచిదని ఇప్పటికీ అనుకుంటాను, కనీసం లోహమా జిర్కోనియానా అన్న సంగతి ముందే తెలుస్తుంది.

ఇంతకీ తీసుకోవాలా వద్దా అంటే, నా సంగతి చెప్పగలను. ప్రీమియంలో ఎక్కువ భాగం నా ఉద్యోగం కడుతుంది, నోటినిండా పాత ఫిల్లింగులున్నాయి, అరపేజీ రాసిపెట్టే డాక్టరు దొరికారు. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈ పాటికి మానేసేవాళ్లలో ఉండేవాణ్ణేమో. ప్రీమియం మొత్తం సొంతంగా కట్టేవాళ్లు, పళ్లు గట్టిగా ఉన్నవాళ్లు నా ఉత్సాహాన్ని చూసి నిర్ణయం తీసుకోవద్దు.

పన్ను ప్రస్తుతం బాగానే ఉంది. చల్లటి నీళ్లకు అప్పుడప్పుడు జివ్వుమంటుంది. పగిలిన పన్నుకు ఎవరూ పూచీ ఇవ్వలేరని డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు. అదే పన్నుకు మళ్లీ క్యాప్ కావాలంటే అయిదేళ్లు నిండితే తప్ప పాలసీ ఒప్పుకోదు. రెండేళ్లు గడిచాయి. మిగిలిన మూడేళ్లూ గట్టివన్నీ ఎడమవైపే నమలాలని తీర్మానించుకున్నాను.