చెన్నైలో పాత బంగళాల్లో ఫంక్షన్ పెట్టుకుంటున్నారా? అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి

మన తెలుగువాళ్ళలో చాలామంది ఇప్పుడు కల్యాణ మండపాలు వదిలేసి, వందేళ్ళ నాటి బంగళాల్లో నిశ్చితార్థాలు, సీమంతాలు, షష్టిపూర్తులు చేసుకుంటున్నారు. మా నాన్నగారి షష్టిపూర్తి కూడా చెన్నైలో అలాంటి ఒక బంగళాలోనే చేశాం. డబ్బు నష్టపోయాం. అంతకంటే బాధ, నెల్లూరు, ఒంగోలు నుంచి రైలెక్కి వచ్చిన పెద్దవాళ్ళకు కడుపునిండా వేడి భోజనం పెట్టలేకపోయాం. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను కాబట్టి ఆ స్థలం పేరు, క్యాటరర్ పేరు రాయడం లేదు. వాళ్ళు నడిపే పద్ధతి మాత్రం అందరికీ తెలియాలి.

ముందే ఒక విషయం చెప్పాలి. పాత భవనాల్లో పెట్టే నిబంధనల మీద నాకు కోపం లేదు. మంట వద్దనడం, గోడకు మేకు కొట్టొద్దనడం న్యాయమే. ఆ నిబంధనలను అడ్వాన్సు చేతిలో పడేదాకా దాచిపెట్టి, పడ్డాక ఒక్కొక్కటి బయటికి తీసి, ఒక్కొక్కదానికి రేటు కట్టడం అన్యాయం.

ఆ నిబంధనలు ఎందుకున్నాయో తెలిస్తే మీరు ఏమేం అడగాలో మీకే తడుతుంది. చెన్నైలో పాత కట్టడాలకు చాలావరకు మద్రాస్ టెర్రస్ పైకప్పు ఉంటుంది. టేకు దూలాలు పరిచి, వాటి మీద సన్నటి ఇటుకలను అంచు మీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చి, సున్నంతో అతికి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు, ఆపైన చదును పెంకులు వేస్తారు. మీ నెత్తి మీద ఉన్నది కర్ర. కింద పొయ్యి పెట్టినా, హోమం చేసినా పొగ, వేడి నేరుగా దానికే తగులుతాయి. గోడలకు గుల్ల సున్నంతో అద్దంలా నునుపు తేల్చిన మద్రాసు చునాం పూత ఉంటుంది. సున్నానికి, పాలరాయికి పులుపు పడదు. చింతపండు చారు ఒలికినా, నిమ్మకాయ నీళ్ళు పడినా మెరుపు పోయి మచ్చ మిగులుతుంది.

ఇంకో సంగతి. ఆ కాలం బంగళాల్లో వంటిల్లు ఇంట్లో ఉండేది కాదు. పొగకు, మంటకు భయపడి పెరట్లో విడిగా కట్టేవారు. ఇప్పుడు యజమానులు ఆ విడి వంటిల్లును ఆఫీసుగానో, బట్టల షాపుగానో మార్చేస్తున్నారు. చివరికి ఎంత పెద్ద హాలున్నా వంట చేయడానికి చోటుండదు. "కిచెన్ ఉంది సార్" అంటే ఒక సింకు, ఒక గ్రానైట్ బల్ల, రెండు ప్లగ్ పాయింట్లు అని అర్థం. మేం చూసింది అక్షరాలా అదే.

మా విషయం చెబుతాను. స్థలం చూడటానికి సాయంత్రం రమ్మన్నారు. రంగుటద్దాల కిటికీలు, ఎత్తైన స్తంభాలు, పెద్ద వరండా. అమ్మకు చూడగానే నచ్చింది. హోమం ఉంటుంది, రెండు వందల మంది దాకా వస్తారు, మా వంట మేస్త్రి నెల్లూరు నుంచి వస్తాడు అని మేనేజరుకు అన్నీ నోటితో చెప్పాం. ప్రతిదానికీ తమిళంలో "పాత్తుక్కలాం సార్" (చూసుకుందాం సార్) అన్నాడు. అద్దెలో సగం, డిపాజిట్ 75,000 రూపాయలు పంపాం. రసీదు అడిగితే తెల్లకాగితం మీద రాసిచ్చారు. అద్దె మీద 18 శాతం జీఎస్టీ వసూలు చేశారు గానీ, ఆ కాగితం మీద జీఎస్టీ నంబరు లేదు. ఇలాంటి కాగితం ఇస్తే అక్కడే ఆగి సరైన ఇన్వాయిస్ అడగండి. నంబరు లేనివాళ్ళకు జీఎస్టీ వసూలు చేసే హక్కు లేదు.

డబ్బు అందిన వారానికి వాట్సాప్‌లో నిబంధనల పీడీఎఫ్ వచ్చింది. అందులో మూడు అంశాలు మా నోట మాట రాకుండా చేశాయి. వాళ్ళ ప్యానెల్‌లో ఉన్న క్యాటరరే భోజనం పెట్టాలి, బయటి వంటవాళ్ళను తెచ్చుకుంటే ఆకుకు 150 రూపాయల చొప్పున రాయల్టీ కట్టాలి. భవనం లోపల ఏ రకమైన మంటా ఉండకూడదు, అంటే హోమం బయట ఆవరణలో చేసుకోవాలి. రద్దు చేసుకుంటే ఒక్క రూపాయీ వెనక్కి రాదు. అప్పటికే శుభలేఖలు పంచేశాం, చుట్టాలు టికెట్లు తీసుకున్నారు. బంగళావాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు.

పంతులుగారితో మాట్లాడి ఆయుష్య హోమం ఆవరణలో షామియానా కింద పెట్టుకున్నాం. కార్తీక మాసం, చెన్నైలో వానలు పడే రోజులు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయని ఇక్కడ బతికేవాళ్ళందరికీ తెలుసు, ఆ మేనేజరుకూ తెలుసు. షామియానా, కింద పరిచే చెక్కలు, నీళ్ళు కారకుండా పైన టార్పాలిన్, అన్నీ వాళ్ళ మనుషుల దగ్గరే అద్దెకు తీసుకోవాలన్నారు. హోమం జరుగుతుండగా జల్లు పడింది. నాన్నగారు తడిసిన ఉత్తరీయంతోనే పూర్ణాహుతి ఇచ్చారు. ఆ ఫోటో చూసినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

ఇక భోజనం. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే.

భవనంలో మంట వద్దన్నారు కాబట్టి ప్యానెల్ క్యాటరర్ వంటంతా నగరం అవతల తన కిచెన్‌లో చేసి వ్యానులో తెస్తాడు. మాకు పొద్దున తొమ్మిదిన్నరకే గిన్నెలు దిగాయి. అంటే తెల్లవారుజామునే వండేశారు. మొదటి బంతి లేచేసరికి ఒంటిగంట. వండిన పదార్థం వేడిగా ఉంచాలంటే 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా గబగబా పెరుగుతుంది. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గోరువెచ్చగా గంటల తరబడి ఉన్న అన్నంలో ఒక రకం బ్యాక్టీరియా విడుదల చేసే విషం, మళ్ళీ వేడి చేసినా పోదు.

వేడిగా ఉంచడానికి వాళ్ళు కరెంటు పెట్టెలు తెచ్చారు. 16 ఆంపియర్ల సాకెట్ ఒకటి మహా అయితే మూడున్నర కిలోవాట్ల దాకా లాగుతుంది, అది కూడా లోపలి వైరింగ్ బాగుంటే. అక్కడ వైరింగ్ ఏ కాలానిదో గానీ రెండు పెట్టెలు, ఒక కాఫీ మెషీన్ పెట్టగానే ఫ్యూజు పోయింది. వేసినప్పుడల్లా పోయింది. జనరేటర్ ఉంది కదా అంటే, అది లైట్లకు, ఫ్యాన్లకే అన్నారు. రెండో బంతిలో మజ్జిగ పులుసు చల్లారిపోయింది, బొబ్బట్లు అట్టముక్కల్లా బిగుసుకున్నాయి. మా మేనమామ పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, ఎవరికీ వినపడకుండా నన్ను పిలిచి, "అబ్బాయ్, ఇది పులిసిపోయింది, పిల్లలకు వడ్డించనీయకు" అన్నారు. ఆ గిన్నె వెంటనే తీసేయించాం. మూడో బంతికి పక్క వీధి మెస్ నుంచి సాంబారు అన్నం, పెరుగు ప్యాకెట్లు తెప్పించాం.

క్యాటరర్ బిల్లు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఇచ్చే నంబరు ఉండాలి, అది 14 అంకెలది. మా బిల్లు మీద ఉంది. కానీ ఆ సంస్థ పోర్టల్‌లో వెతికితే దాని మీద మరో పేరు, మరో చిరునామా కనిపించాయి. ఈ పని ఎవరైనా ఫోన్లో చేసుకోవచ్చు. అడ్వాన్సు ఇచ్చేముందే చేయండి. వాళ్ళ కిచెన్ ఎక్కడుందో వెళ్ళి చూడండి, అక్కడి నుంచి మీ హాలుకు ట్రాఫిక్‌లో ఎంతసేపు పడుతుందో కనుక్కోండి. వంట ఎన్నింటికి దించుతారు, వడ్డన ఎన్నింటికి మొదలవుతుంది అన్నది ఒప్పందంలో రాయించండి. ఎన్ని సాకెట్లు, ఒక్కోటి ఎన్ని ఆంపియర్లు, వేడి పెట్టెలు జనరేటర్ మీద నడుస్తాయా అన్నది కూడా అందులోనే ఉండాలి. వీలైతే ఆ పెట్టెలను ముందురోజే తెప్పించి ప్లగ్గులో పెట్టి చూడండి.

పెద్దవాళ్ళు ఎక్కువగా వచ్చే ఫంక్షన్ అయితే పగటి వెలుగులో ఒకసారి వెళ్ళి మెట్లు, బాత్‌రూములు చూసుకోండి. మాకు భోజనాలు మేడ మీద, లిఫ్టు లేదు, చెక్క మెట్లు నిటారుగా ఉన్నాయి. మా పెద్దమ్మ పైకి ఎక్కలేక కిందే కుర్చీలో కూర్చుని తిన్నారు. చేతులు కడుక్కోవడానికి రెండే కుళాయిలు.

ఇప్పుడు డిపాజిట్. ఫంక్షన్ అయిన పదో రోజున 21,000 రూపాయలు తిరిగి వేశారు. మిగిలిన 54,000 ఏమైందని అడిగితే ఒక లెక్క పంపారు. చునాం గోడ దెబ్బతిన్నందుకు 22,000, నేల పాలిష్‌కు 15,000, డీజిల్‌కు 9,000, సమయం మించినందుకు 8,000. గోడ ఫోటో కూడా జతచేశారు. కింది భాగంలో పూత ఉబ్బి, తెల్లటి ఉప్పు పొడి తేలి, పొరలు పొరలుగా రాలుతోంది. పూలదండలు అంటించిన టేపు వల్ల ఇలా అయిందన్నారు. పాత ఇంట్లో పెరిగిన ఎవరికైనా అదేమిటో తెలుసు. నేలలోంచి తేమ గోడలోకి పాకితే, నీటిలోని ఉప్పు పైకి తేలి పూతను ఉబ్బిస్తుంది. టేపు అంటించినది మనిషెత్తున, రాలింది మోకాలి కింద. పైగా స్థలం చూడటానికి వెళ్ళిన సాయంత్రం మా మరదలు అదే గోడ దగ్గర దిగిన సెల్ఫీ ఉంది. ఆ మచ్చ ఆమె చీర కుచ్చిళ్ళ పక్కనే స్పష్టంగా కనిపిస్తోంది, ఫోటో మీద తేదీతో సహా.

ఆ సెల్ఫీ జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాక గోడ డబ్బు 22,000 తిరిగి ఇచ్చారు. మిగతాదానికి జవాబు లేదు. అందుకే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు, గొడవ మొదలైన రోజు నుంచి రెండేళ్ళ గడువు ఉంటుంది. మీకు పనికొచ్చే చట్టాలు రెండున్నాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో జరిమానా ఎంత రాసుకున్నా, సహేతుకమైన పరిహారమే రాబట్టుకోవచ్చు, రాసిన మొత్తమంతా దానంతటదే వాళ్ళది అయిపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, మితిమీరిన డిపాజిట్ అడగడం, నష్టానికి పొంతన లేని జరిమానా వేయడం అన్యాయమైన ఒప్పందం నిర్వచనం కిందికి వస్తాయి. "మా రూల్స్ ఇంతే సార్" అనగానే నోరు మూసుకోనక్కర్లేదు.

భవనం గురించి వాళ్ళు చెప్పే కథలు కూడా సరిచూసుకోండి. మాకు "ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడం, అందుకే ఇన్ని రూల్స్" అని చెప్పారు. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడంలో విందు పెట్టాలంటే కేంద్ర ప్రభుత్వం రాతపూర్వక అనుమతి ఇవ్వాలి. 1959 నాటి నిబంధనలే ఆ మాట చెబుతున్నాయి. అలాంటి అనుమతి పత్రం ఉందా అని అడిగితే మేనేజరు మాట మార్చాడు. అది మామూలు ప్రైవేటు బంగళా. నిజంగా చరిత్ర ఉన్న భవనాలను నేను ప్రేమిస్తాను. విక్టోరియా పబ్లిక్ హాలుకు 1883లో శంకుస్థాపన చేసింది మన విజయనగరం మహారాజు ఆనంద గజపతి రాజు అని పిల్లలకు చూపించి చెబుతుంటాను. ఆ గౌరవాన్ని అడ్డం పెట్టుకుని వసూళ్ళు చేస్తుంటేనే మండుతుంది.

ఇంకా అడ్వాన్సు కట్టనివాళ్ళు నిబంధనల కాగితం మొత్తం చేతికి వచ్చి, చదివి, సంతకాలయ్యాకే డబ్బు పంపండి. హోమం, దీపాలు, కర్పూర హారతి ఎక్కడ చేసుకోవచ్చో అందులో విడివిడిగా రాయించండి. ఆరుబయట రిసెప్షన్ అయితే మామూలుగా రాత్రి 10 తర్వాత మైకు ఉండదు, అది దేశమంతా ఉన్న నిబంధనే. తాళాలు తీసుకున్న పొద్దున, తిరిగి ఇచ్చేముందు, మేనేజరును పక్కన పెట్టుకుని గోడలు, నేల, కిటికీ అద్దాలు వీడియో తీయండి. మీటరు రీడింగు, జనరేటర్‌లో డీజిల్ మట్టం కూడా అందులో పడాలి.

ఇప్పటికే కట్టేసినవాళ్ళు నోటిమాటగా వాళ్ళు ఒప్పుకున్నవన్నీ ఈరోజే మెయిల్‌లో రాసి "మీరు చెప్పింది ఇదే కదా, ధ్రువీకరించండి" అని పంపండి. కాదంటే ఫంక్షన్‌కు ముందే తేలిపోతుంది, అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోండి. చెన్నైలో ఏ స్థలమైనా ఖాయం చేసుకునే ముందు నిబంధనల కాగితం చూసి చెప్పమంటే, నాకు పంపండి, చదివి చెబుతాను.