పెంబర్తి రేకు, ఉషేగావ్ పోత

ఇత్తడి పని చూద్దామని వరంగల్ వైపు వెళ్లేవాళ్లు చాలామంది పెంబర్తిలో రోడ్డు పక్కన ఆగి, ఒక జ్ఞాపిక కొనుక్కుని వెళ్లిపోతారు. పెంబర్తి పేరు మోగింది ఎక్కువగా రేకు పనితో. మైనంతో బొమ్మ కట్టి పోత పోసేవాళ్లను చూడాలంటే మాత్రం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం దాకా పోవాల్సిందే. మేం రెండూ ఒకే ట్రిప్పులో చూశాం.

పెంబర్తి చేరడం తేలిక. హైదరాబాద్ నుంచి వస్తుంటే జనగామకు కాస్త ముందే తగులుతుంది. రైల్లో అయితే జనగామలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. షాపులో అద్దాల బీరువాల ముందు టైం పోగొట్టుకోకుండా వెనక పని జరిగే షెడ్డు చూపించమనండి, కాదనరు. లక్క ముద్ద మీద రేకు పరిచి, ఉలితో, చిన్న సుత్తితో కొడుతుంటే పువ్వు రేకులు ఒక్కొక్కటే పైకి లేస్తాయి. మధ్యలో ఆపి రేకును మళ్లీ నిప్పుల్లో పెట్టాడొకాయన. ఎందుకన్నా అని అడిగితే, "దెబ్బలు తిని తిని మొండికేస్తది సార్. కాల్చకుంటే పగుల్తది" అన్నాడు.

కాకతీయుల కాలంలో గుళ్లకు, రథాలకు తొడుగులు చేసిన విశ్వకర్మల పని ఇది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఆదరణ తగ్గింది. నిజాంల కాలంలో పాన్‌దాన్‌లు, అత్తరు దానులతో మళ్లీ ఊపిరి పోసుకుంది. ఇప్పుడు ధ్వజస్తంభం తొడుగులు, దేవుడి కవచాలు ఒకవైపు, సన్మాన సభల షీల్డులు ఇంకోవైపు. కూడు పెట్టేవి షీల్డులే కావచ్చు గానీ, పనితనం చూడాలంటే కవచాల దగ్గరే నిలబడాలి. పూట చాలు ఇక్కడ.

రాత్రికి హనుమకొండలో బస. గదులకు కొదవ లేదు, తిండికి ఇబ్బంది లేదు. మర్నాడు కాజీపేటలో రైలెక్కి మంచిర్యాలలో దిగాం. అక్కడ మేం దిగిన లాడ్జి గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది: వేడి నీళ్లన్నారు, బకెట్ తెచ్చేసరికి తెల్లారింది. అయినా మంచిర్యాలలోనే ఉండండి, ముందుకు పోయేకొద్దీ గదులు దొరకడం కష్టం.

ఆసిఫాబాద్, కెరమెరి ఘాట్ మీదుగా జైనూరు వెళ్లే దారి ట్రిప్పు మొత్తానికే అందం. బస్సులు తక్కువ, సొంత బండి ఉంటే టెన్షన్ ఉండదు. జైనూరు మండలంలోని ఉషేగావ్‌లో, లోహపు పోతే కులవృత్తిగా ఉన్న ఓజలు డోక్రా పోస్తారు, అంటే మైనపు బొమ్మతో పోసే ఇత్తడి పోత. గోండుల దేవతా ప్రతిమలు, గంటలు, నగలు తరతరాలుగా వీళ్ల చేతి పనే. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది.

ముందు మట్టితో లోపలి బొమ్మ. మురుకుల గిద్దె లాంటి దాంట్లోంచి మైనాన్ని దారాలుగా ఒత్తి, ఆ బొమ్మ చుట్టూ పక్కపక్కనే చుడతారు. కళ్లు, గొలుసులు, జుట్టు ముడి అన్నీ ఆ దారాలే. దాని మీద మెత్తటి మట్టి, ఆపైన ముతక మట్టి. కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. మైనం తూకానికి దాదాపు తొమ్మిది రెట్ల ఇత్తడి పడుతుంది. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే, అందుకే ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకేలా ఉండవు. మేం చూసిన ఏనుగు వీపు మీద మైనపు దారం అతుకు కూడా ఇత్తడిలో అలాగే తేలింది. షాపు సరుకులో దాన్ని అరగదీసేస్తారేమో, నాకైతే అదే నచ్చింది.

పోత రోజూ ఉండదు. వానాకాలంలో మట్టి ఆరదు కాబట్టి ఎండాకాలం దాటకముందే, ముందుగా కబురు చేసి వెళ్లండి. బేరం మరీ గట్టిగా ఆడకండి. ఇత్తడి ధర, కూలి విడివిడిగా అడిగితే వాళ్లే లెక్క చెప్తారు. తాగునీళ్లు, మధ్యాహ్నం తిండి వెంట తీసుకెళ్లండి. జోడేఘాట్‌లోని కుమ్రం భీం మ్యూజియం కూడా చూడాలనుకుంటే అదే రోజు ఇరికించకండి, ఘాట్ దారిలో చీకటి పడకముందే దిగిపోవాలి.