ఐపాడ్‌ని నాన్నగారి స్టీరియోకి కలిపి ఆరేళ్ళు

మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. ఇంట్లో నాన్నగారి పాత స్టీరియో ఉంది, రెండు చెక్క స్పీకర్లు, ఓ ఆంప్లిఫయరు, కేసెట్ డెక్కు మాత్రం బెల్టు సాగిపోయి ఎప్పుడో మూలపడింది. నా దగ్గరేమో 160 జీబీ ఐపాడ్ క్లాసిక్, అంటే యాపిల్ వాళ్ళ జేబులో పట్టే పాటల ప్లేయరు, 2014లో కంపెనీ వాళ్ళు ఆపేశారే, అదే. ఈ రెండిటికీ ముడిపెట్టి ఆరేళ్ళయింది, ఇంకా కాపరం చేస్తున్నాయి కాబట్టి రాస్తున్నా.

కొన్నదల్లా ఒక వైరు. ఓ చివర ఇయర్‌ఫోన్ పిన్ను, 3.5 ఎంఎం ది, రెండో చివర ఎరుపు తెలుపు ఆర్‌సీఏ పిన్నులు. ఎరుపు కుడి, తెలుపు ఎడమ. మొదటిరోజే పప్పులో కాలేశా, వెనకాల ఖాళీగా కనపడ్డాయి కదా అని ఫోనో అని రాసున్న కన్నాల్లో దూర్చేశా. బాబోయ్, ధనాధనా మోత తప్ప గొంతు వినపడితే ఒట్టు. ఫోనో అంటే గ్రామఫోన్ రికార్డుల ప్లేయరు కోసమండి, ఆ ముల్లు నుంచొచ్చే సిగ్నల్ మరీ పీలగా ఉంటుందని అక్కడ బాగా పెంచుతారు, అందులో బేస్‌ని ఇంకా పెంచుతారు, మన ఐపాడ్ అక్కడ పెడితే ఇంకేముంది. ఆక్స్ అనో టేప్ ఇన్ అనో రాసున్న కన్నాల్లో పెట్టాలి, బయటి సౌండు లోపలికి తీసుకునేవి అవే. టేప్ అవుట్ సౌండు బయటికి పంపేది, అందులో పెడితే చప్పుడే రాదు, అదీ చేశాన్లెండి.

ఐపాడ్ వాల్యూం ముప్పాతిక పైన ఉంచి మిగతాది ఆంప్లిఫయరు నాబ్‌తో చూసుకోవాలి. ఐపాడ్‌లో తగ్గించి ఇక్కడ పెంచితే పాట వెనకాల సుయ్ మంటది. తర్వాత కింద 30 పిన్నుల పోర్టు నుంచి లైన్ అవుట్, అంటే వాల్యూం దాకా పోకుండా నేరుగా వచ్చే సౌండు, తీసే వైరు కూడా కొన్నా, దానికి చార్జింగ్ తోక కూడా ఉంది, ఐపాడ్ వాల్యూంతో పన్లేదు. సౌండు కాస్త తేటగా ఉంది గానీ మొదటి వైరుతో సరిపెట్టుకున్నా నష్టం లేదు.

అసలు తలనొప్పి చార్జింగ్. చార్జర్ పెట్టి పాట వేస్తే గుయ్య్ మని ఒకటే రొద, నాన్నగారైతే "కందిరీగల తుట్టె కదిపావేంట్రా" అన్నారు. చార్జర్ రొద గ్రౌండు వైరు మీదుగా ఆంప్లిఫయర్లోకి పోతుందట. ఐసోలేటర్ అని, ఆ రొదని మధ్యలో అడ్డుకునే చిన్న డబ్బా వాడి చూశా, రొద పోయింది గానీ బేస్ కూడా కొంచెం పల్చబడింది, తీసేశా. ఇప్పుడు రాత్రి చార్జింగ్, పొద్దున్న బ్యాటరీ మీద పాటలు.

ఇంకోటి, మా కోనసీమ తేమకి పిన్నులు మసకబారిపోతాయి. రెండో ఏడు వానల్లో కుడి స్పీకర్ మూగబోయింది, నెల దాకా ఎవరం కనిపెట్టలేదు, ఎందుకంటే నాన్నగారు పెట్టేవన్నీ ఘంటసాల పద్యాలు, ఆ పాత రికార్డింగులు మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే సౌండు, ఒక పక్క పోయినా పద్యం పద్యమే. నేను ఇళయరాజా పాటేసినప్పుడు మధ్యలో వయొలిన్లు రావాల్సిన చోట ఖాళీ! ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి అద్ది పిన్నులు తుడిస్తే దూది నల్లగా వచ్చింది, పాట మామూలుగా వచ్చింది. అప్పట్నుంచి వానాకాలం ముందోసారి, వెనకోసారి తుడుస్తున్నా.

బ్లూటూత్ పెట్టుకోవచ్చుగా అంటారు మా బావగారు. పెట్టుకోవచ్చు, గానీ ఫోన్ మోగినప్పుడల్లా పద్యం ఆగిపోతే నాన్నగారితో ఎవరు పడతారండి.

నాన్నగారికున్న ఫిర్యాదల్లా ఐపాడ్ మీద పాటలు వెతుక్కునే ఆ చక్రం మీదే, వేలు తిప్పితే పాట ఎటో జారిపోతుందట. అందుకని పద్యాలన్నీ ఒకే ప్లేలిస్టులో పెట్టి, చక్రం జోలికి పోకుండా బొత్తం నొక్కితే చాలని చెప్పా, ఆయ్, అప్పుడప్పుడూ జారుతూనే ఉంటాది.