తక్కువ ధర చెకుముకి తుపాకీ నమూనా: స్టేజీ మీద ఏళ్ల తరబడి వాడాక

నల్గొండలో మా నాటక బృందం దగ్గర రెండు చెకుముకి తుపాకీ నమూనాలున్నాయి. రెండూ ఈస్టిండియా కంపెనీ సిపాయిల నాటి తుపాకీకి నకళ్లే. విదేశాల్లో బ్రౌన్ బెస్ అంటారు. మావి అందులో 39 అంగుళాల గొట్టం ఉండే ఇండియా ప్యాటర్న్ రకం. ఉత్తరాదిలో తయారయ్యాయి. గొట్టం పక్కన ఉండాల్సిన నిప్పు రంధ్రం లేకుండానే వచ్చాయి, అంటే పేలవు. నాటకాలకి, కాలేజీ వార్షికోత్సవాలకి, షార్ట్ ఫిల్ములకి కొన్నేళ్లుగా వీటినే వాడుతున్నాం. సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ, ఇటు మహబూబ్‌నగర్ దాకా తిరిగొచ్చాయి.

ఈ ధరకి కొనదగ్గవే. అయినా ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఏ ఊరికి పోయినా ప్రదర్శన అయ్యాక ఎవరో ఒకరు దగ్గరికొచ్చి అడుగుతారు: "అన్నా, పక్కన చిన్న బొక్క కొడితే పేలుతది కదా?" ఆ సంగతి కింద చెప్తాను. దయచేసి అక్కడిదాకా చదవండి.

ముందు చెక్క. దూరం నుంచి అందంగానే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే లాక్ (మీట నొక్కితే రవ్వ పుట్టించే పక్క భాగం) చుట్టూ చెక్క మందంగా, మొద్దుగా వదిలేశారని తెలుస్తుంది. పైన పూసిన ముదురు రంగు వార్నిష్ మన ఎండలకి ఆగదు. మే నెలలో నల్గొండలో 44, 45 డిగ్రీలు పడితే చెక్క ఎండి బిగుసుకుంటుంది. ఒకదానికి లాక్ వెనకాల వెంట్రుక మందాన పగులు వచ్చింది. మా వడ్రంగి జిగురు పట్టించి, లోపల చిన్న ఇత్తడి మేకు దింపాడు. ఆ తర్వాత వార్నిష్ మొత్తం గీకేసి అవిసె నూనె రుద్దించాం. ఏటా ఎండాకాలం ముందు ఒకసారి రుద్దితే చాలు, మళ్లీ పగులు రాలేదు. ఇత్తడి భాగాల గురించి చెప్పడానికేం లేదు, చింతపండుతో తోమితే మెరుస్తాయి.

అసలు తేడా అంతా లాక్‌లోనే. ఈ తుపాకీలో గుర్రం అనే సుత్తి లాంటి భాగం దవడల మధ్య చెకుముకి రాయి ఉంటుంది. మీట నొక్కితే గుర్రం ముందుకి పడి రాయి ఉక్కు పలకని గీరుతుంది, రవ్వలు లేస్తాయి. ఆ రవ్వలు రాయివి కావు, గీరుకుపోయిన ఉక్కు తునకలు మండడం. కాబట్టి పలక గట్టిపరిచిన ఉక్కు అయితేనే రవ్వ వస్తుంది. మా రెండింటిలో ఒకటి మొదటి రోజు నుంచీ బాగా రవ్వ చల్లింది. రెండోది చల్లలేదు. దాని పలక మీద ఆకురాయి పెట్టి గీస్తే మెత్తగా కొరికింది. గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి, కొరకకూడదు. కొనేటప్పుడు పలక ఒక మూలన ఈ పరీక్ష చేయనివ్వమని అడగండి, అర నిమిషం పని. మా రెండో పలకని లేత్ షాపులో పెద్దమనిషి ఒకాయన మళ్లీ గట్టిపరిచి ఇచ్చాడు. ఇప్పుడు మొదటిదానికంటే అదే నయం.

ఇంకో పరీక్ష ఇంతకంటే ముఖ్యం. గుర్రాన్ని సగం దాకా లేపితే టక్కుమని ఒక గాడిలో ఆగాలి. అక్కడ ఉండగా మీట ఎంత గట్టిగా నొక్కినా గుర్రం పడకూడదు. ఆ గాడి అరిగినా, మొదట్నుంచే సరిగ్గా కోయకపోయినా నటుడి బొటనవేలు చెకుముకి అంచుకీ పలకకీ మధ్య నలుగుతుంది. ఆ అంచు బ్లేడులా కోస్తుంది. మేం ప్రతి ప్రదర్శనకి ముందు రెండు లాకులూ ఇలా నొక్కి చూశాకే నటుల చేతికి ఇస్తాం. స్ప్రింగులు మాత్రం బలంగానే ఉన్నాయి. కుట్టుమిషను నూనె చుక్క వేస్తే వానాకాలంలో కూడా తుప్పు పట్టలేదు.

ఇక బొక్క సంగతి. ఇది విన్నప్పుడల్లా నాకు టెన్షనే.

తుపాకి మందు అంటుకున్నప్పుడు ఒత్తిడంతా గొట్టం వెనక భాగం మీద పడుతుంది. నటుడి చెంప ఉండేది సరిగ్గా అక్కడే. ఈ నమూనాల గొట్టం ఏ స్టీలుదో, అతుకు పైపా కాదా, వెనక మూతని మరలతో బిగించారా లేక వెల్డింగ్ పెట్టి వదిలేశారా, బయటికి ఏదీ కనపడదు. మొబైల్‌కి తగిలించే సన్న కెమెరా లోపలికి పంపి చూశాం. ఒక గొట్టంలో పొడవునా సన్నటి గీత కనిపించింది. అది అతుకా, పనిముట్టు గీరిన గీతా అన్నది కోస్తే గానీ తేలదు. కోస్తే గానీ తేలని గొట్టం పక్కన మొహం పెట్టి మందు వెలిగించమని ఎవరికి చెప్పగలం?

బయటి దేశాల్లో ఇదే పని ఎలా చేస్తారో చూడండి. ఇటలీలో గార్డోనేలో తయారయ్యే నకళ్లని ప్రభుత్వ గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రంలో మామూలు కంటే ఎక్కువ మందుతో పేల్చి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నుంచి ఈ పనే చేస్తోంది. అలాంటి ఇటలీ నకలు లక్ష రూపాయలు దాటుతుంది. మనం ఇచ్చిన తక్కువ ధరలో ఆ పరీక్ష లేదు, ఆ ముద్ర లేదు. పైగా ఆయుధాల చట్టం 1959 ఆరో సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుండా నకలు తుపాకీని అసలుగా మార్చడమే నేరం. పంటల కాపలాకి మజిల్ లోడర్ (మూతి నుంచి మందు కూరే తుపాకీ) కావాలంటే అదే చట్టంలో లైసెన్స్ దారి ఉంది. ఆ తుపాకీ మీద తయారీదారు పేరు, నంబరు ఉంటాయి. దానికీ దీనికీ రూపం ఒకటే, ఇంకేమీ కలవదు.

పేల్చకపోతే నాటకంలో చప్పుడెలా అంటారా? మాకు డప్పు ఉంది. గుర్రం పడే క్షణంలో డప్పు మీద ఒక్క దెబ్బ పడితే ముందు వరసలో పిల్లలు ఉలిక్కిపడతారు. రవ్వలు ఎటూ కనిపిస్తాయి. ఆ రవ్వలతోనే జాగ్రత్త. చెకుముకి పెచ్చులు కుడివైపుకి ఎగురుతాయి, కాబట్టి ఆ పక్క నాలుగైదు అడుగుల్లో ఎవరినీ నిలబెట్టం. పాలిస్టర్ తెరలకి దూరంగా వాడతాం. బాయినెట్లు ఇంట్లోనే పెట్టేశాం, రబ్బరువి చేయించాం. ఊరు దాటేటప్పుడు తుపాకులు గుడ్డ సంచిలో, వెంట కొన్న బిల్లు, బృందం లెటర్, అక్కడి పోలీస్ స్టేషన్‌కి ముందురోజే ఫోన్. బస్సులో బయటికి తీయనివ్వం.

ఏ నాటకానికి ఏ తుపాకీ అన్నది కూడా చూడాలి. నిజాం దగ్గర ఫ్రెంచి దళపతి రేమండ్ 1798లో చనిపోయాడు. ఆ కాలం కథకి ఇండియా ప్యాటర్న్ అతికినట్టు సరిపోతుంది. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి కథకి సరిపోదు. అప్పటికి చెకుముకి పోయి చాలాకాలమైంది. జనం చేతిలో గుత్పలు, వడిసెలలు, తర్వాత తర్వాత బర్మార్లు, అంటే మూతి నుంచి మందు కూరే నాటు తుపాకులు. మన జిల్లాలో ఆ రోజుల్ని చూసిన పెద్దల పిల్లలూ మనవలూ ముందు వరసలో కూర్చుంటారు, వాళ్ల ముందు తప్పు తుపాకీ పట్టుకుని నిలబడటం నాకు ఇష్టం లేదు. అందుకే ఆ నాటకాలకి వీటిని పక్కన పెట్టి, చెకుముకి బదులు మందున్న చిన్న లోహపు టోపీ పెట్టి పేల్చే బర్మార్ రకం నమూనా ఒకటి కొనబోతున్నాం. ఈసారి బేరం మొదలుపెట్టకముందే విక్రేతకి రెండు షరతులు పెట్టాం. గొట్టం లోపల మూతి దాకా గట్టి ఇనుప కడ్డీ దింపి అతికి ఉండాలి, ఆ మాట బిల్లు మీద రాసివ్వాలి.