చెరువు గట్టుకు నెట్ తెచ్చిన రేడియో, ఏడిపించిన కేబుల్

ఆకివీడు దగ్గర మా రొయ్యల చెరువు ఇంటికి కిలోమీటరు లోపే ఉంటుంది. రాత్రి ఏరేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) ఆగి, కాపలా అబ్బాయి నిద్రలో ఉంటే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. గట్టు మీద ఫోన్ మాటల వరకే, వీడియో రాదు. అందుకే ఇంటి మేడ మీద ఒకటి, చెరువు షెడ్డు మీద ఒకటి టీపీ-లింక్ సీపీఈ510 రేడియో (నెట్‌ను వైరు లేకుండా దూరానికి అందించే డబ్బా) పెట్టి, ఇంట్లో నెట్‌నే అక్కడి కెమెరాకు అందించాను. ఐదు నెలలైంది.

దీనికి విడిగా కరెంటు వైరు ఉండదు. నెట్ కేబుల్లోనే కరెంటూ పైకి వెళ్తుంది. డబ్బాలో వచ్చే 24 వోల్టుల అడాప్టర్‌కు రెండు పోర్టులుంటాయి. పీఓఈ అని ఉన్నదానికి రేడియో కేబుల్, ల్యాన్ అని ఉన్నదానికి రౌటర్ కేబుల్ పెట్టాలి. తారుమారైతే ఆ 24 వోల్టులు రౌటర్‌లోకి పోతాయి. అందుకే రేడియో కేబుల్‌కు ఎర్ర టేపు చుట్టేశాను.

రేడియో దాకా వెళ్లే కేబుల్ మనమే కొనుక్కోవాలి. నేను దెబ్బతిన్నది అక్కడే. ఇన్వర్టర్ ఉన్న కాపలా గది నుంచి షెడ్డు మీద రేడియో బిగించిన పైపు దాకా 40 మీటర్లు కావాలి. ఒక షాపులో చవగ్గా ఇచ్చారని తెచ్చేశాను. రెండు రోజులు బాగానే ఉంది. తర్వాత రాత్రిళ్లు రేడియో దానంతటదే ఆగి మళ్లీ ఆన్ అయ్యేది. కెమెరా పోయినప్పుడల్లా బండేసుకుని చెరువుకి పరుగు. వెళ్లి చూస్తే ఏరేటర్లు తిరుగుతూనే ఉండేవి, కానీ దారి పొడవునా ఒకటే టెన్షన్. రేడియోలోనే లోపమనుకుని వెనక్కి పంపేయబోయాను.

మా బావమరిది కేబుల్ చివర కోసి, ఒక తీగను బ్లేడుతో గీకి చూపించాడు. పైకి ఎర్రగా రాగి, లోపలంతా తెల్లగా అల్యూమినియం. ఉన్నది రాగి పూతే. అంత పొడవున అది వోల్టేజీని దారిలోనే తినేస్తోంది. కేబుల్ చివరి కనెక్టర్ కూడా సరిగ్గా బిగించలేదు. కరెంటు నడిచేది కేబుల్లోని నీలం, గోధుమ రంగు తీగల జతల్లో. అందులో ఒక గోధుమ తీగ కొసదాకా చేరనేలేదు.

పూర్తి రాగి ఉన్న నల్ల అవుట్‌డోర్ కేబుల్ వేశాం. డబ్బు ఎక్కువే పడింది, పడనీ. రేడియో అడుగున మూత జారిస్తే పోర్టు కనిపిస్తుంది. కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పి పోర్టులోకి ఎక్కించాం, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోయేలా. ఎర్త్ వైరు కూడా బిగించాం, చుట్టూ చెరువులే, అంతా ఖాళీ జాగా కాబట్టి పిడుగు భయం ఎక్కువ. కొబ్బరి మట్టలు అడ్డొచ్చి నాలుగు సిగ్నల్ లైట్లలో రెండే వెలిగేవి. పైపు మూడడుగులు పెంచాక నాలుగూ వెలిగాయి.

ఆ తర్వాత రేడియో ఒక్కసారి కూడా ఆగలేదు. మొన్న రాత్రి రెండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద కెమెరా నడుస్తూనే ఉంది, ఏరేటర్లు నిలిచిపోవడం ఫోన్‌లో చూశాను. మంచం మీద నుంచే కాపలా అబ్బాయిని లేపి జనరేటర్ వేయించాను.