మూలకణాలతో చూపు తెప్పిస్తారట: అయిదుకు రెండు మార్కులు

అమీర్‌పేట వైపు ఉన్న ఈ కంటి క్లినిక్ పేరు రాయను. మా అత్తయ్యకు వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా మధ్యభాగం) క్షీణత, పొడి రకం. ఎదుటి మనిషి ముఖం మధ్యలో మసకే కనిపిస్తుంది. ప్రకటన చూసి ఆవిడే వెళ్దామని పట్టుబట్టారు.

సౌకర్యాలకు వంక పెట్టలేను. చక్రాల కుర్చీ గుమ్మం దాకా వచ్చింది. కంట్లో చుక్కల మందు వేసిన అమ్మాయి అత్తయ్యతో ఎంతో ఓపికగా మాట్లాడింది. ఆ రెండు మార్కులూ ఆ అమ్మాయివే.

పేచీ అంతా కౌన్సెలర్ దగ్గర. ఎక్కించే కణాలు ఎవరివని అడిగాను. దాతవి, ల్యాబులో పెంచినవి అన్నారు. మరి రిజెక్షన్, అంటే పరాయి కణాలను ఒళ్లు తిప్పికొట్టడం, దాని సంగతి? "కంట్లో రిజెక్షన్ ఉండదు మేడం, మందులేమీ అక్కర్లేదు." మావారు కిడ్నీ మార్పిడి అయిన దగ్గర నుంచి గడియారం చూసుకుని రిజెక్షన్ రాకుండా టాక్రోలిమస్ మాత్ర మింగే మనిషి. ఈ మాట నాకెలా మింగుడు పడుతుంది?

కంటికి రోగనిరోధక వ్యవస్థ కొంత మినహాయింపు ఇస్తుందన్నది నిజమే. రెటీనా అడుగున కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని, రక్తంలోని తెల్లకణాలను అంత సులువుగా లోపలికి రానివ్వవు. కానీ జబ్బుపడిన రెటీనాలో, అందులోనూ ఆపరేషన్ జరిగిన చోట, దెబ్బతినేది ఆ అడ్డుగోడే. 2014లో జపాన్‌లోని కోబేలో మసాయో తకహాషి బృందం ఒక వృద్ధురాలికి ఆమె చర్మకణాలనే మూలకణాలుగా మార్చి తయారుచేసిన రెటీనా కణాల పొరను అమర్చింది. సొంత కణాలు కనుక రిజెక్షన్ మందులు వాడలేదు. 2017లో దాత కణాలతో అయిదుగురికి చేశారు. హెచ్‌ఎల్‌ఏ (సొంత కణమా పరాయిదా అని ఒళ్లు గుర్తుపట్టే కణాల గుర్తులు) కలిసినవారినే ఎంచుకున్నా ఒకరికి స్వల్పంగా రిజెక్షన్ వచ్చింది, స్టెరాయిడ్లతో అదుపు చేయాల్సి వచ్చింది. అంత జాగ్రత్తపడిన చోటే అలా జరిగితే, ఇక్కడ ఉండదని ఏ ధైర్యంతో చెబుతారు?

జవాబుగా ప్యాకేజీ కాగితం నా ముందుకు జరిగింది. అందులో హెచ్‌ఎల్‌ఏ పరీక్ష ఊసే లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్తవ్యాధులకు తప్ప మూలకణాలను చికిత్సగా అమ్మకూడదు. మిగతాదంతా సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ నమోదు పట్టీ) నమోదైన ట్రయల్‌గానే జరగాలి, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. నమోదు సంఖ్య చెప్పమంటే డాక్టరుగారు ఊళ్లో లేరన్నారు. సంఖ్యకు డాక్టరుగారెందుకో!

రెటీనా స్కాన్ మాత్రం బాగా తీశారు. కాపీ అడిగితే ముందు నసిగారు, తరువాత ఇచ్చారు. వెళ్లేవారు అది తప్పకుండా అడిగి తీసుకోండి, వేరే డాక్టరుకు చూపించడానికి పనికొస్తుంది. పార్కింగ్ లేదు, మెట్రోలో వెళ్లడమే నయం.